సాటే ఇంట్లో ఎలా చేయాలి?

రాత్రి ఏడు దాటాక సింగపూర్‌లోని లావ్ పా సాట్ అనే తిండి బజారు పక్కన బూన్ టాట్ వీధిలో వాహనాలు ఆగిపోతాయి. రోడ్డు మీదే బల్లలు వేస్తారు, వరసగా బొగ్గుల పొయ్యిలు రాజుకుంటాయి. మాంసం ముక్క నుంచి కొవ్వు బొట్టు నిప్పుల మీద పడి చుయ్‌మంటుంది, లేచిన పొగ మళ్లీ ఆ ముక్కకే పడుతుంది. సాటే అంటే మసాలా పట్టించిన మాంసం ముక్కలను పుల్లలకు గుచ్చి బొగ్గుల మీద కాల్చి, వేరుశెనగ చట్నీతో తినే వంట. దాని రుచంతా ఆ పొగలోనే ఉంది. ఇండోనేషియాలోని జావా దీవిలో పుట్టిన ఈ వంటకు కావలసినవన్నీ దాదాపు మన పోపులపెట్టెలోనే ఉంటాయి. వెతుక్కోవాల్సింది నిమ్మగడ్డి, దుంపరాష్ట్రం (అల్లంలా ఉండే దుంప, గలంగల్) మాత్రమే.

అరకిలో ఎముకలేని చికెన్ తొడ మాంసం తీసుకోండి. రొమ్ము మాంసం వద్దు, నిప్పు మీద పిడచగట్టుకుపోతుంది. బొటనవేలంత ముక్కలు కోయండి. ఆరు చిన్న ఉల్లిపాయలు, రెండు నిమ్మగడ్డి కాడల తెల్లటి భాగం, అంగుళం దుంపరాష్ట్రం, రెండు వెల్లుల్లి రెబ్బలు, రెండు చెంచాల ధనియాలు, చెంచా జీలకర్ర, అర చెంచా సోంపు మెత్తగా నూరండి. అందులో చెంచా పసుపు, రెండు పెద్ద చెంచాల బెల్లం తురుము, ఉప్పు, కాస్త నూనె కలిపి ముక్కలకు పట్టించి ఫ్రిజ్‌లో పెట్టండి. నాలుగు గంటలు తప్పనిసరి, రాత్రంతా ఉంటే మరీ మంచిది. బెల్లం తగ్గించకండి, అంచులు ఎర్రగా మాడి కమ్మగా అయ్యేది దానివల్లే.

చట్నీకి తొందరపడకూడదు. 200 గ్రాముల వేరుశెనగలు సన్న సెగ మీద వేయించి, పొట్టు తీసి, పలుకులు తగిలేలా దంచండి. పంటి కింద ఆ పలుకు తగలకపోతే అది సాటే చట్నీ కాదని నా గట్టి నమ్మకం. నానబెట్టిన ఎనిమిది ఎండుమిరపకాయలు, ఐదారు చిన్న ఉల్లిపాయలు, వెల్లుల్లి, నిమ్మగడ్డి నూరి, నూనె పైకి తేలేదాకా వేయించండి. అంతకుముందే ఆపేస్తే పచ్చివాసన చివరిదాకా వదలదు. తర్వాత చింతపండు పులుసు, తాటిబెల్లం, ఉప్పు, గ్లాసు నీళ్లు, అర గ్లాసు కొబ్బరిపాలు, దంచిన వేరుశెనగలు వేసి పావుగంట ఉడికించండి. (ఇండోనేషియాలోని పడాంగ్ ఊరి సాటేలో వేరుశెనగ ఉండదు, బియ్యప్పిండితో చిక్కబరచిన పసుపుపచ్చ పులుసు పోస్తారు. అదీ బాగుంటుంది, కానీ అది వేరే వంట.)

పుల్లలుగా పాతకాలంలో కొబ్బరి ఈనెలే వాడేవారు. వెదురు పుల్లలైతే అరగంట నీళ్లలో నాననివ్వండి. పుల్లకు నాలుగైదు ముక్కలు దగ్గరదగ్గరగా గుచ్చండి.

బొగ్గుల మీద మంట పోయి బూడిద కమ్మాకే పుల్లలు పెట్టండి. నిమ్మగడ్డి కాడ చివర చితగ్గొట్టి, దాన్నే కుంచెలా కొబ్బరినూనెలో ముంచి రాస్తూ, విసనకర్రతో విసురుతూ, తిప్పుతూ ఎనిమిది నుంచి పది నిమిషాలు కాల్చండి. పచ్చి మాంసం నానిన మసాలా మాత్రం పైన పూయకండి. లోపల ఎరుపు పూర్తిగా పోవాలి.

పక్కన కీర, పచ్చి ఉల్లిపాయ ముక్కలు, కెటుపాట్ పెట్టండి. కెటుపాట్ అంటే కొబ్బరాకుల బుట్టలో ఉడికిన అన్నపు ముద్ద. ఇంట్లో అన్నం మెత్తగా వండి, గిన్నెలో అదిమి, చల్లారాక ముక్కలు కోస్తే సరిపోతుంది. మాంసం అయిపోయాక ఆ పుల్లకే కీర ముక్క గుచ్చి, గిన్నెలో మిగిలిన చట్నీ అంతా తుడిచి తినండి.