సూర్యలంక తీరంలో చెత్త ఏరడానికి విద్యార్థులను తీసుకువెళ్లే వారికి

గుంటూరు నుంచి చేబ్రోలు, పొన్నూరు మీదుగా బాపట్ల చేరుకుని, అక్కడి నుంచి మరో తొమ్మిది కిలోమీటర్లు ప్రయాణిస్తే సూర్యలంక తీరం వస్తుంది. గుంటూరు, తెనాలి, విజయవాడ ప్రాంతాల వారికి సముద్రం చూడాలన్నా, కార్తీక మాసంలో సముద్ర స్నానం చేయాలన్నా ముందుగా గుర్తుకొచ్చే చోటు ఇదే. 2022 ఏప్రిల్ 4న బాపట్ల వేరే జిల్లా అయినప్పటికీ గుంటూరు వారు దీనిని తమ తీరంగానే భావిస్తారు. కనుక అక్కడ మిగిలిపోయే చెత్తలోనూ మనకు పెద్ద వాటాయే ఉంది. దానిని తీయడానికి మన కళాశాలల జాతీయ సేవా పథకం వాలంటీర్లు బయలుదేరడం ఎంతో మంచి విషయం. అయితే వంద మంది విద్యార్థులు ఉదయమంతా నడుము వంచి ఏరిన చెత్త తిరిగి ఇసుకలోకి చేరకుండా ఉండాలంటే, ఆ ఉదయానికి ముందు చేయవలసిన పని కొంత, తరువాత చేయవలసిన పని కొంత ఉంటుంది. వారిని నడిపించే ప్రోగ్రామ్ అధికారులకు, విద్యార్థి నాయకులకు ఆ పనిని వివరంగా చెప్పడానికే ఇది రాస్తున్నాను.

బస్సు మాట్లాడుకోవడానికి ముందు ట్రాక్టరు మాట్లాడుకోవాలి. నింపిన సంచులను ఒడ్డున వరుసగా పేర్చి, ఎవరో ఒకరు తీసుకువెళతారులే అనుకుని వెనుదిరిగితే, సాయంత్రానికి కుక్కలు, పశువులు అన్నం వాసనకు ఆ సంచులను చింపుతాయి. తేలికైన కవర్లు గాలికి సరుగుడు తోటల్లోకి పోతాయి, మిగిలినవి పోటు నీటికి సముద్రంలో కలుస్తాయి. అందువల్ల కనీసం పది రోజుల ముందు బాపట్ల కలెక్టరు కార్యాలయానికి, తీరంలో పారిశుద్ధ్యం చూసే స్థానిక సంస్థకు, పర్యాటక శాఖకు, పోలీసులకు లేఖలు అందజేయాలి. తేదీ, విద్యార్థుల సంఖ్య రాసి ఊరుకోకుండా, వాహనం ఎన్ని గంటలకు ఏ చోటికి వస్తుంది, ఆ చెత్తను ఎక్కడ దింపుతారు అనే రెండు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు కోరాలి. సూర్యలంకలో వైమానిక దళ కేంద్రం ఉన్నందున తీరం వెంట ఎంతవరకు నడవవచ్చో పోలీసులను అడిగి తెలుసుకుని, ఆ హద్దును విద్యార్థులందరికీ ముందే చెప్పాలి. ముందురోజు సాయంత్రం అధికారులతో పాటు ట్రాక్టరు నడిపే వ్యక్తికి కూడా ఫోన్ చేయడం అవసరం, ఎందుకంటే తెల్లవారుజామున రావలసింది ఆయనే. వాహనం ఖాయం కాకపోతే కార్యక్రమాన్నే వాయిదా వేయాలి. బ్యానర్లు రాయించాం, విద్యార్థులు సిద్ధమయ్యారు అన్న కారణంతో వాహనం లేకుండా వెళ్లడం వల్ల తీరానికి ఒరిగేదేమీ ఉండదు.

తేదీ విషయంలో కొంత ఆలోచన అవసరం. రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరి నుంచి ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమం నిర్వహిస్తోంది. 1986లో అమెరికాలోని టెక్సాస్‌లో మొదలైన అంతర్జాతీయ తీర పరిశుభ్రతా దినం కూడా సెప్టెంబరు మూడో శనివారమే వస్తుంది. ఆ రోజుల్లో పారిశుద్ధ్య సిబ్బంది, వాహనాలు ముందే కదిలి ఉంటాయి కనుక మొదటిసారి వెళ్లే బృందానికి అవి అనుకూలమైన తేదీలు. కానీ తీరానికి మనుషుల అవసరం ఎక్కువగా ఉండేది కార్తీక పౌర్ణమి మరునాడు, కార్తీక ఆదివారాల తరువాతి ఉదయాన. పౌర్ణమికి, అమావాస్యకు పోటు నీరు మామూలు రోజుల కంటే పైకి వస్తుంది. స్నానాలకు వచ్చిన జనం వదిలినదంతా ఆ పోటుతోనే లోపలికి జారిపోతుంది. ఒక్క రోజు ఆలస్యమైనా సగం చెత్త చేతికి చిక్కదు. తరగతులు మానవలసి వచ్చినా సరే, ప్రిన్సిపాల్‌ను ఒప్పించి ఆ మరునాటినే ఎంచుకోవాలని నా అభిప్రాయం.

నీరు వెనక్కు తగ్గుతున్న ఆటు సమయంలో పని మొదలుపెడితే తడి ఇసుక కూడా అందుబాటులోకి వస్తుంది. పోటుకూ ఆటుకూ మధ్య సుమారు ఆరు గంటల వ్యవధి ఉంటుంది. హైదరాబాద్‌లోని కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఆటుపోట్ల వేళలను, అలల హెచ్చరికలను ప్రకటిస్తుంది కనుక రెండు రోజుల ముందు వాటిని చూసుకోవాలి. వీలైనంతవరకు వెలుతురు రాగానే మొదలుపెట్టి తొమ్మిదిన్నరలోపు ముగించాలి. అందుకోసం గుంటూరులో తెల్లవారుజామున నాలుగున్నరకైనా బయలుదేరాలి, లేదా ముందురోజు రాత్రి బాపట్లలోని ఏదైనా విద్యాసంస్థలో బస ఏర్పాటు చేసుకోవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుపానుల కాలం. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. వాతావరణ హెచ్చరిక ఉన్నప్పుడు ఎన్ని అనుమతులు చేతిలో ఉన్నా వెళ్లకూడదు.

సామగ్రిలో అన్నిటికంటే ముఖ్యమైనవి చేతి తొడుగులు, బూట్లు. పలచని ప్లాస్టిక్ తొడుగులు పగిలిన సీసా ముక్కకు ఆగవు, పైగా అవే చిరిగి చెత్తవుతాయి. అరచేతి వైపు రబ్బరు పూత ఉన్న నూలు తొడుగులు కొంటే ఉతికి మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. చెప్పులతో వచ్చిన విద్యార్థిని ఇసుకలోకి పంపకుండా లెక్కలు రాసే పనిలో ఉంచాలి. నలుగురైదుగురికి ఒకటి చొప్పున పొడవాటి పట్టకార్లు, కొన్ని జల్లెడలు, వేలాడదీసి తూచే కాటా ఒకటి, ప్రథమ చికిత్స పెట్టె ఒకటి ఉండాలి. సంచుల కోసం కొత్త ప్లాస్టిక్ కవర్లు కొనవలసిన అవసరం లేదు. హాస్టళ్లలో ఖాళీ అయిన బియ్యం సంచులు బాగా పనికివస్తాయి. గుంటూరులో సులభంగా దొరుకుతాయి కదా అని మిర్చి గోతాలను మాత్రం దులపకుండా, ఉతకకుండా తీసుకువెళ్లవద్దు. సముద్రపు గాలికి వాటిలోని కారం ధూళి లేచి పిల్లల కళ్లలో పడుతుంది. తాగునీటిని సీసాల్లో కాకుండా పెద్ద క్యాన్లలో, ఉపాహారాన్ని పొట్లాల్లో కాకుండా గిన్నెల్లో తీసుకువెళ్లాలి. ఎవరి పళ్లెం, గ్లాసు వారే ఇంటి నుంచి తెచ్చుకోవాలి. బ్యానరు కావాలనుకుంటే ఫ్లెక్సీకి బదులు బట్ట మీద రాయించాలి.

తీరానికి చేరగానే అందరినీ ఒక్కసారిగా వదిలితే అందరూ అలల దగ్గరికే పరుగెత్తుతారు. విద్యార్థులను అయిదుగురు చొప్పున జట్లుగా చేసి, ఒక్కో జట్టుకు అడుగులతో కొలిచిన యాభై మీటర్ల మేర అప్పగించాలి. జట్టులో ఒకరు రాస్తారు, ఇద్దరు ఏరుతారు, ఒకరు సంచి పడతారు, ఒకరు నిండిన సంచిని పోగు దగ్గరికి చేరుస్తారు. అరగంటకోసారి పనులు మార్చుకుంటే ఎవరూ అలసిపోరు. సూర్యలంకలో లోపలికి లాగే ప్రవాహాలకు ప్రాణాలు పోయిన సంఘటనలు ఉన్నాయి. కాబట్టి తేలుతున్న సీసా కోసమైనా, కాళ్లు కడుక్కోవడానికైనా ఎవరూ నీటిలోకి దిగకూడదు. ఈ నియమాన్ని చూసుకోవడానికి ఇద్దరు పెద్దలు చెత్త ఏరకుండా, సముద్రం వైపే చూస్తూ ఉండాలి. పని ముగిశాక స్నానాలు చేద్దామనే కోరిక కూడా సహజంగానే వస్తుంది. దానికి ఒప్పుకోకపోవడమే మేలు.

చెత్త నిజంగా ఎక్కడ ఉంటుందో ఇప్పుడు చెప్పాలి. ఫొటోలు తీసేది అలల అంచున, కానీ అక్కడ ఉండే చెత్త తక్కువ. దానికి పైన పోటు నీరు వచ్చి ఆగిన చోట సన్నని గీతలాగా పుల్లలు, నురగ, గుట్కా ప్యాకెట్లు, సీసా మూతలు, థర్మాకోల్ ముక్కలు మిగిలి ఉంటాయి. ఇక్కడే జల్లెడ అవసరం. థర్మాకోల్ ఒకసారి పూసలుగా విడిపోతే ఏరడం దాదాపు అసాధ్యం కనుక పెద్ద ముక్కలను ముందుగా తీయాలి. వీటన్నిటికంటే ఎక్కువ చెత్త ఉండేది సరుగుడు చెట్ల నీడలో, వాహనాలు ఆపే చోట. కుటుంబాలు భోజనం చేసేది అక్కడే. విస్తళ్లు, బిర్యానీ డబ్బాలు, నీళ్ల సీసాలు, మద్యం సీసాలు, పిల్లల డైపర్లు అన్నీ రాలిన సరుగుడు ఆకు కింద కప్పబడి ఉంటాయి. బృందంలో సగం మందికి పైగా, అందులోనూ ఓపిక ఉన్నవారిని, ఈ నీడలోకే పంపాలి. ఆకును చేతితో కదపకుండా కర్రతో తొలగించి చూడాలి, ఎందుకంటే గాజు పెంకులూ పాములూ ఉండేది అక్కడే.

ఏది తీయకూడదో తెలియడం కూడా ఈ పనిలో భాగమే. కొట్టుకొచ్చిన కొయ్య ముక్కలు, గవ్వలు, సముద్రపు నాచు చెత్త కావు. ఇసుక మీద పాకే ఊదారంగు పూల తీగను, రావణాసురుడి మీసాలని పిలిచే గట్టి గడ్డిని పీకితే తీరాన్ని నిలబెట్టే ఇసుక దిబ్బ గాలికి పోతుంది. అందులో చిక్కుకున్న కవర్లను మాత్రమే నెమ్మదిగా విడదీయాలి. ఒడ్డున కనిపించే ప్రతి వలా పారవేసినది కాదు. ముఖ్యంగా తూర్పు తీరంలో వేట నిషేధం ఉండే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మత్స్యకారులు వలలను ఒడ్డునే బాగుచేసుకుంటారు. అందువల్ల పడవల దగ్గర ఉన్నవారిని ‘ఈ వల మీదేనా అన్నా, తీసేయమంటారా?’ అని అడిగాకే ముట్టుకోవాలి. ఇసుకలో కూరుకుపోయిన తెగిన నైలాన్ వలను లాగకుండా కత్తెరతో ముక్కలుగా కోసి తీయాలి. జనవరి నుంచి ఏప్రిల్ వరకు ఈ తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వీటికి అత్యున్నత రక్షణ కల్పించింది. ఆ నెలల్లో ఇసుకను లోతుగా తవ్వకూడదు, ట్రాక్టరును ఇసుక మీదికి రానివ్వకూడదు. చనిపోయిన తాబేలు కనిపిస్తే పాతిపెట్టకుండా అటవీ శాఖకు తెలియజేయాలి. జెల్లీ చేపలను, సముద్రపు పాములను, కదలకుండా పడి ఉన్నా సరే, తాకవద్దు.

స్నానం తరువాత వదిలిన బట్టలు తడి ఇసుకతో కలిసి చాలా బరువెక్కుతాయి. వాటికి వేరే సంచి పెట్టి, మూడో వంతుకు మించి నింపకూడదు. సిరంజి లేదా సూది కనిపిస్తే విద్యార్థి తీయకుండా పెద్దవారిని పిలవాలి. వారు పట్టకారుతో గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత బిగించి సమీప ప్రభుత్వ ఆసుపత్రిలో అప్పగించాలి. గాజును కూడా సంచిలో కాకుండా తట్టల్లో చేర్చాలి. కొబ్బరి బొండాలను విడిగా పోగు వేయాలి. పోగు పెద్దదైందని దేనికీ నిప్పు పెట్టకూడదు. సరుగుడు తోట పక్కన ఉండగా మరీ ప్రమాదం.

నిండిన సంచులను ట్రాక్టరు ఎక్కించే ముందు ఇసుక దులిపి తూచి రాసుకోవాలి. అయితే బరువు కంటే లెక్క ఎక్కువ ఉపయోగం, ఎందుకంటే నాలుగు తడి చీరలు నాలుగు వందల గుట్కా ప్యాకెట్ల కంటే బరువు తూగుతాయి. అన్నిటినీ లెక్కించడం సాధ్యం కాదు కనుక ఒకే ఒక వంద మీటర్ల ముక్కను ఎంచుకుని, అందులో దొరికిన ప్రతి వస్తువును రకాలవారీగా, వీలైతే తయారీ సంస్థ పేరుతో సహా, రాయాలి. 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించిన ప్లాస్టిక్ స్పూన్లు, గ్లాసులు, పళ్లేలు, స్ట్రాలు ఎన్ని దొరికాయో వేరుగా చూపితే అధికారులు చర్య తీసుకోవడానికి ఆధారం దొరుకుతుంది. పాత సామాన్ల వ్యాపారులు నీళ్ల సీసాలను, గాజును కొంటారు. చిప్స్, గుట్కా ప్యాకెట్లను ఎవరూ కొనరు కనుక అవే ట్రాక్టరులో వెళ్లవలసినవి.

తీరంలోని దుకాణదారులతో మాట్లాడే పనిని ఇద్దరు ముగ్గురు మాటకారి విద్యార్థులకు అప్పగించాలి. చట్టం పేరు చెప్పి బెదిరించినట్టుగా మాట్లాడితే ఎవరూ వినరు. ‘అక్కా, మీ బండి దగ్గర ఒక డబ్బా పెట్టిస్తే రోజూ ఎవరు ఖాళీ చేస్తే బాగుంటుంది?’ అని అడిగితే, చెత్త బండి ఏ రోజు వస్తుంది, ఏ రోజు రాదు అన్నది వారే చెబుతారు. మొక్కజొన్న పొత్తులు, చేప వేపుళ్లు అమ్మేవారికి తీరం శుభ్రంగా ఉండటం వల్ల కలిగే లాభం మనకంటే బాగా తెలుసు. వారు చెప్పిన ఇబ్బందులను అదే మాటల్లో రాసుకోవాలి. గుంటూరుకు తిరిగివచ్చాక కూడా ఇలాంటి పని ఉంది: ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదలయ్యే కృష్ణా పశ్చిమ డెల్టా కాలువలు తెనాలి, బాపట్ల వైపే పారుతాయి, వాటి వెంట ఊళ్లు పారవేసిన సీసాలు మురుగు కాలువల ద్వారా ఈ సముద్రానికే చేరుతాయి. కళాశాలకు దగ్గరలోని ఒక కాలువ గట్టును ఎంచుకుని నెలకోసారి ఇదే పద్ధతిలో శుభ్రం చేయవచ్చు. జాతీయ సేవా పథకంలో ఏడాదికి పూర్తి చేయవలసిన 120 గంటల్లో ఈ సమయాన్ని, లేఖలు రాసిన సమయాన్ని కూడా చేర్చడం న్యాయం.

వారం తిరగకముందే ఒక పేజీ నివేదిక తయారు చేసి, మొదట లేఖలు ఇచ్చిన కార్యాలయాలన్నిటికీ అందజేయాలి. వంద మీటర్ల లెక్క, దుకాణదారులు చెప్పిన మాటలు, సంచులు చేరిన చోటు, సహాయం చేసిన పారిశుద్ధ్య సిబ్బందికి కృతజ్ఞత అందులో ఉంటే చాలు. కోరికల పట్టికకు బదులు సరుగుడు తోటలో డబ్బాలు కావాలనో, కార్తీక ఆదివారాల్లో సాయంత్రం కూడా చెత్త బండి రావాలనో ఒకే ఒక్క విన్నపం చేయాలి. రెండో పర్యాయం వెళ్లినప్పుడు అదే వంద మీటర్లను అదే విధంగా లెక్కించి, రెండు పట్టికలను పక్కపక్కన పెట్టి ఆ కార్యాలయాలకే మళ్లీ ఇవ్వాలి.