బహుళ ప్రజ్ఞలతో బోధన, 4వ పాఠం: పాట ఎప్పుడు పాఠమవుతుంది?

పిల్లలను పది రోజులు గమనించి రాసుకోమని పోయిన పాఠంలో చెప్పాను. మీ ఉత్తరాలు చదివాక, ఈసారికి అనుకున్న విషయం పక్కన పెట్టక తప్పడం లేదు. మీలో చాలామంది తరగతిని ఎనిమిది జట్లుగా విడదీశారు. ప్రతి పేరు పక్కన భాష, లెక్కలు, సంగీతం వంటి ఒక ప్రజ్ఞ, అంటే తెలివిలో ఒక రకం, రాసి, ఆ చార్టును గోడకు అంటించారు. ఒక అయిదో తరగతి పాప "నాది సంగీత ప్రజ్ఞ టీచర్, నాకు లెక్కలు రావు" అన్నదట. ఆ చార్టు ఇవాళే తీసేయండి. ఎందుకు గమనించాలో నేను అప్పుడే చెప్పి ఉండాల్సింది.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త హోవర్డ్ గార్డ్‌నర్ 1983లో ఏడు ప్రజ్ఞలను ప్రతిపాదించి, తర్వాత ప్రకృతి ప్రజ్ఞను చేర్చాడు. టెట్‌కు (ఉపాధ్యాయ అర్హత పరీక్షకు) చదివినవారికి ఆ జాబితా కంఠతా వచ్చు కాబట్టి మళ్లీ రాయను. ఆయన చెప్పిన అసలు మాట, ఇవన్నీ ప్రతి మనిషిలోనూ ఉంటాయని, పాళ్లు మాత్రమే వేరని. వీటికీ అభ్యసన శైలులకూ (ఒకరు చూసి, ఒకరు విని బాగా నేర్చుకుంటారనే భావనకూ) పొత్తు లేదని కూడా ఆయనే స్పష్టం చేశాడు. పిల్లవాడి శైలికి తగ్గట్టు చెబితే బాగా నేర్చుకుంటాడన్న నమ్మకానికి తగినంత ఆధారం లేదని 2008లో నలుగురు మనస్తత్వ శాస్త్రవేత్తలు తమ సమీక్షలో తేల్చారు. గార్డ్‌నర్ చెప్పినవి ప్రజ్ఞలు కావు, నేర్పులే అనే శాస్త్రవేత్తలూ ఉన్నారు. ఆ వాదం ఎటు తేలినా, ఒకే భావనకు రెండు మూడు వైపుల నుంచి దారి వేయడం తరగతిలో పనికొస్తుంది. నాకు కావలసింది అంతే.

ఇక నన్ను బాధపెట్టిన సంగతి. "ఎక్కాలకు బాణీ కట్టి పాడించాం, సంగీత ప్రజ్ఞ అయిపోయింది" అని ఎంతోమంది రాశారు. కాలేదు. ఏడో ఎక్కాన్ని ఏ బాణీలో పాడినా గుర్తుంటుంది, గుర్తుండటం మంచిదే. కానీ ఏడు ఎనిమిదులు యాభై ఆరు ఎందుకయిందో ఆ బాణీ చెప్పదు. రాజధానుల పేర్లను అదే బాణీలో పెట్టినా సరిపోతుంది. అందుకే నేను ప్రతి కృత్యాన్నీ ఒక ప్రశ్న అడుగుతాను: పాట తీసేస్తే భావనలో ఏమైనా పోతుందా? పోకపోతే అది అలంకారం. బొమ్మ గీయించినా, గెంతించినా, నాటకం వేయించినా ఇదే పరీక్ష.

ఈ పరీక్షకు నిలిచే పాఠం ఒకటి చూడండి. సగానికి మూడోవంతు కలపమంటే పిల్లలు పైవి పైకీ కిందవి కిందకీ కలిపి 2/5 అంటారు. సగం కంటే కూడా తక్కువ! ఆరు లెక్కపెడుతూ చప్పట్లు కొట్టించండి. ఒక జట్టు ఒకటి, నాలుగు అంకెల దగ్గర కొట్టాలి: కాలం రెండు భాగాలయింది. రెండో జట్టు ఒకటి, మూడు, అయిదు దగ్గర: మూడు భాగాలు. రెండు జట్లూ కలిసి కొట్టాలంటే ఆరు అంకెలు కావలసి వచ్చాయి. నాలుగు అంకెలతో ప్రయత్నించమనండి, రెండో జట్టు తడబడుతుంది. ఆ తడబాటులోనే ఉమ్మడి హారం ఉంది. సగమంటే మూడు అంకెలు, మూడోవంతంటే రెండు. మొత్తం ఆరింట అయిదు. ఇక్కడ లయ తీసేస్తే పాఠమే లేదు. మృదంగం నేర్చుకునే పిల్లలుంటే త-క, త-కి-ట చెప్పించండి. నాకు ఆ పద్ధతే ఇష్టం.

తర్వాత కాగితం. అడ్డంగా రెండు, నిలువుగా మూడు సమభాగాలు వచ్చేలా మడిచి విప్పితే ఆరు గళ్లు. సగానికి మూడు, మూడోవంతుకు రెండు గళ్లు రంగు వేయించండి. చప్పట్లలో దొరికిన ఆరే ఇక్కడా కనబడిందని పిల్లలే చెప్పాలి. మీరు చెప్పకండి, ఎంతసేపయినా ఆగండి.

అభ్యాసం: లెక్కలు రావని మీరు తేల్చేసిన ఒక్కరిని ఎంచుకోండి. చప్పట్ల ద్వారా అర్థమైతే, అదే సంగతిని కాగితంతో పక్కవారికి నేర్పించమనండి. కాగితంతో అర్థమైతే చప్పట్లతో. వారం తర్వాత రెండూ లేకుండా 1/4, 1/3 కలపమనండి. ఏం చేశారో, ఎక్కడ ఆగారో, మళ్లీ ఎలా కదిలారో క్రియల్లోనే రాయండి. "చురుకు", "మందకొడి" వంటి మాట ఒక్కటి కనబడినా ఆ పుట మళ్లీ రాయాలి. 1/4, 1/3కు ఎన్ని అంకెలు లెక్కపెట్టాలో మాత్రం ముందుగా మీరు స్వయంగా చప్పట్లు కొట్టి చూసుకోండి.