పాత ఆటలకు సెకండ్ హ్యాండ్ కంప్యూటర్: తరం అడిగి కొనండి

మిర్యాలగూడలో నా నెట్ సెంటర్‌కు వచ్చే కుర్రాళ్లు తరచూ అడుగుతుంటారు: “అన్నా, పది పన్నెండు వేలున్నాయి. పాత వీడియో గేములన్నీ ఆడాలంటే ఏ కంప్యూటర్ కొనాలి?” ఏ పాత గేములు అని నేను ఎదురడుగుతాను. టీవీకి తగిలించి క్యాసెట్లు మార్చి ఆడిన మారియో, కాంట్రాలకైతే ఏమీ కొననక్కర్లేదు, అటక మీది కంప్యూటర్‌ను దించి దుమ్ము దులపండి. 1994 నాటి మొదటి ప్లేస్టేషన్, ఆ తర్వాత చేతిలో పట్టుకుని ఆడేలా వచ్చిన పీఎస్‌పీ కూడా పెద్దగా బరువు కావు. జేబు తడుముకోవాల్సింది 2000లో వచ్చిన ప్లేస్టేషన్ 2 దగ్గర, నింటెండో వాళ్ల గేమ్‌క్యూబ్ దగ్గర.

పాత గేమ్ యంత్రంలా కంప్యూటర్‌ను నటింపజేసే సాఫ్ట్‌వేర్‌ను ఎమ్యులేటర్ అంటారు. దాని భారమంతా ప్రాసెసర్‌లో ఒకటి రెండు కోర్ల (లెక్కలు చేసే భాగాల) మీదే పడుతుంది. కాబట్టి ఒక్కో కోరు ఎంత చురుకైనదో చూడాలి. అమ్మేవాళ్లు “ఇంటెల్ ఐ7 ప్రాసెసర్ ఉంది సార్” అని ఊరిస్తారు. ఎన్నో తరం ఐ7? ఐ7-2600 అయితే 2011 నాటి సరుకు. 2017లో వచ్చిన ఐ3-8100 ఈ పనిలో దాన్ని సునాయాసంగా దాటేస్తుంది. గీత తర్వాత నాలుగంకెలుంటే మొదటి అంకె, ఐదుంటే మొదటి రెండూ తరం చెబుతాయి. నా లెక్కలో ఆరో తరం ఐ5కు తగ్గి దిగొద్దు.

చివర ‘టీ’ అక్షరం ఉంటే అది కరెంటు పొదుపు రకం. ఐ5-6500 గరిష్ఠంగా 3.6 గిగాహెర్ట్జ్ అందుకుంటే, 6500టీ 3.1 దగ్గరే ఆగిపోతుంది. ముచ్చటగా కనిపించే చిన్న డబ్బాల్లో ఎక్కువగా ఉండేది ఇదే.

కంపెనీలు వాడి తీసేసిన డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్‌లకే నా ఓటు. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీకి వెళ్లినా, నల్లగొండలోనే కొన్నా, కొట్టులోనే ఆన్ చేయించండి. టాస్క్ మేనేజర్ తెరిచి పర్ఫార్మెన్స్ నొక్కితే ప్రాసెసర్ అసలు పేరు బయటపడుతుంది. అక్కడే ర్యామ్ ఎన్ని స్లాట్లలో ఉందో చూడండి. 8 జీబీ ఒకే ముక్కగా ఉంటే 4 జీబీవి రెండు వేయమనండి. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేనప్పుడు బొమ్మ గీసే పని కూడా ఆ ర్యామ్ మీదే నడుస్తుంది, జంటగా ఉంటే దారి వెడల్పవుతుంది. బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెరలోకి) వెళ్లనివ్వకుండా పాస్‌వర్డ్ అడిగితే, తీయించాకే డబ్బివ్వండి. తేదీ తప్పు చూపిస్తే భయపడకండి, లోపలి బటన్ సెల్లు మారిస్తే సరిపోతుంది. వెనక హెచ్‌డీఎంఐ లేకుండా డిస్‌ప్లేపోర్ట్ మాత్రమే ఉన్నవీ వస్తాయి, మీ టీవీకి సరిపడే కేబుల్ అప్పుడే తీసుకోండి.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరులో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఎనిమిదో తరం ఇంటెల్ నుంచే. ఆట కోసమే కొంటున్నవాళ్లకు ఈ గొడవ అవసరం లేదు. లైనక్స్ ఆధారంగా నడిచే, ఎమ్యులేటర్లు అందులోనే ఉండే బటోసెరా అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను పెన్‌డ్రైవ్‌లో ఎక్కిస్తే కంప్యూటర్ అందులోంచే బూట్ అవుతుంది, హార్డ్ డిస్క్ జోలికి పోదు. ప్లేస్టేషన్ 2 ఆటలకు కావాల్సిన ఆ యంత్రపు బయోస్ ఫైలు మాత్రం మీ సొంత ప్లేస్టేషన్ 2లోంచి, ఆటలు మీ సొంత డిస్కుల్లోంచి తీసుకోవాలి. నా కొట్టులో అవి కాపీ చేసివ్వను, అడగొద్దు.

మాది రైస్ మిల్లుల ఊరు, ఊక దుమ్ము ఫ్యాన్లో చిక్కుకుంటే మే నెలలో ప్రాసెసర్ వేడెక్కి వేగం తగ్గించుకుంటుంది, ఆట నత్తనడక నడుస్తుంది. డబ్బాను నేల మీద, టీవీ అల్మారాలో మూసి పెట్టకండి.

మిగిలిన డబ్బుతో యూఎస్‌బీ గేమ్‌ప్యాడ్ కొనండి, అదీ పరీక్షించాకే. కాంట్రాలో కుడి బాణం ఒక్కటే నొక్కి పరుగెత్తించండి. తుపాకీ మధ్యమధ్యలో దానంతటదే ఏటవాలుగా పైకి లేస్తోందంటే బాణాల కింది రబ్బరు సరిగా లేదు. ఆ ప్యాడ్ అక్కడే వదిలేసి మరొకటి అడగండి.