టీచర్‌ను వర్క్ బేస్డ్ లెర్నింగ్ కోఆర్డినేటర్‌గా తయారు చేయడం ఎలా?

పిల్లలు వారంలో కొన్ని గంటలు బడి బయట, ఒక వర్క్‌షాపులోనో ల్యాబులోనో ఆఫీసులోనో పనిచేస్తూ నేర్చుకునే ఏర్పాటే వర్క్ బేస్డ్ లెర్నింగ్. ఇది సవ్యంగా నడవాలంటే బడికీ పనిచోటుకీ మధ్య తిరిగే మనిషి ఒకరు కావాలి. ఆ మనిషే కోఆర్డినేటర్. చాలాచోట్ల ఎవరికి పీరియడ్లు తక్కువున్నాయో చూసి, ఒక ఫైలూ నాలుగు ఫోన్ నంబర్లూ చేతిలో పెట్టి ఈ బాధ్యత అప్పగించేస్తారు. ఆ టీచర్ నెలాఖరున తిరిగి తిరిగి హాజరు పట్టీల మీద సంతకాలు చేయించుకొస్తారు. పిల్లలేమో ఫైళ్లు మోస్తూనో, ఓ మూల కూర్చుని ఫోన్ చూసుకుంటూనో కాలం గడిపేస్తారు.

ఇందులో టీచర్‌ను అనడానికి ఏమీ లేదు. తాను చెప్పడం ఒక విద్య, ఇంకొకరి చేత చెప్పించడం వేరే విద్య. పనిచోట పాఠం చెప్పేది సూపర్‌వైజర్. ఆయనకు బోధన రాదు, రావాల్సిన అవసరమూ ఇంతకాలం లేదు. ఆయన రోజువారీ పనిలోంచే పాఠం పుట్టేలా చూడటం కోఆర్డినేటర్ బాధ్యత. ట్రైనింగ్ మొత్తం ఈ ఒక్క మార్పు చుట్టూ కట్టుకోవాలి.

ఈ ఉద్యోగం ఇప్పుడు పుట్టిందేమీ కాదు. 1906లో అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో హెర్మన్ ష్నైడర్ అనే ఇంజనీరింగ్ ప్రొఫెసర్ 27 మంది విద్యార్థులతో కోఆపరేటివ్ పద్ధతి మొదలుపెట్టారు. కొన్నాళ్లు క్లాసు, కొన్నాళ్లు ఫ్యాక్టరీ. అక్కడి కోఆర్డినేటర్ పొద్దున యూనివర్సిటీలో, మధ్యాహ్నం ఫ్యాక్టరీల్లో ఉండేవారు. ఏ విద్యార్థి ఏ మెషీన్ మీద ఏం చేస్తున్నాడో కళ్లారా చూసి, ఆ పని వెనకున్న లెక్కనీ సూత్రాన్నీ తర్వాత క్లాసులో చర్చకు పెట్టేవారు. ఈ ఉద్యోగం ఏమిటో ఇంతకంటే సూటిగా చెప్పడం కష్టం.

మొదటి మెట్టు: మనిషినీ టైమ్‌టేబుల్‌నీ కలిపి ఎంచుకోండి

సబ్జెక్టులో దిట్ట కావాలని లేదు. ముక్కూమొహం తెలియని మనిషి ఆఫీసుకు వెళ్లి మాట కలపగలగాలి. "నాకు తెలియదు, చూపిస్తారా?" అని మొహమాటం లేకుండా అడగగలగాలి. పిల్లలు తమ ఇబ్బంది ధైర్యంగా చెప్పుకునే మనిషి అయ్యుండాలి. ఈ మూడూ ఉంటే మిగతాది నేర్పవచ్చు.

అయితే ట్రైనింగ్ కంటే ముందు తేల్చుకోవాల్సింది టైమ్‌టేబుల్. రోజుకో ఖాళీ పీరియడ్ ఇస్తే అది దారిలోనే అయిపోతుంది. వారంలో కనీసం ఒకటి రెండు పూటలు ఏకధాటిగా ఖాళీ ఉంచాలి. రాకపోకల ఖర్చు ఎవరు ఇస్తారో కూడా ముందే తేల్చాలి. ఈ రెండూ కుదరకపోతే ట్రైనింగ్ పెట్టకండి, డబ్బు దండగ.

రెండో మెట్టు: ముందు టీచర్‌నే పనికి పంపండి

హాల్లో కూర్చోబెట్టి స్లైడ్లు వేసి పనిచోటు గురించి చెప్పడం అంత వ్యర్థమైన పని ఇంకోటి లేదు. టీచర్లలో చాలామంది చదువుకున్న బడిలోంచి చదువు చెప్పే బడిలోకి నేరుగా వచ్చినవాళ్లే. అందుకని ట్రైనింగ్ మొదటి వారంలోనే ఒక్కొక్కరినీ కొన్ని రోజులు ఏదో ఒక సంస్థకు పంపాలి. తమ సబ్జెక్టుకు సంబంధం లేనిదైతే ఇంకా మంచిది. ఫిజిక్స్ టీచర్ అకౌంట్స్ ఆఫీసుకు వెళ్తే, ఏమీ తెలియని పదహారేళ్ల పిల్లాడికి ఎలా ఉంటుందో ఆయనకు అర్థమవుతుంది.

వెళ్లినవాళ్లు ఊరికే చూసి రాకుండా కొన్ని ప్రశ్నలకు జవాబులు రాసుకురావాలి. ఇక్కడ పని ఎవరు ఎవరికి చెబుతారు? తప్పు జరిగితే ఎంత నష్టం, ఎవరి మీద పడుతుంది? కొత్తవాళ్లకు మొదటి రోజు ఏ పని ఇస్తారు, ఏది అస్సలు ఇవ్వరు? రోజులో ఊపిరాడని వేళ ఏది, కాస్త తీరిక ఉండే వేళ ఏది? ఈ చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది కానీ, తర్వాత సైట్ విజిట్లు ఏ టైమ్‌కి పెట్టుకోవాలో దీన్నుంచే తెలుస్తుంది.

మూడో మెట్టు: రకాలు, చట్టం, భద్రత

వర్క్ బేస్డ్ లెర్నింగ్‌లో ఉండే రకాల గురించి ఒక గంట చాలు. ఫీల్డ్ విజిట్‌లో చూసి వస్తారు. జాబ్ షాడోయింగ్‌లో ఒక ఉద్యోగి వెంట రోజంతా ఉంటారు. ఇంటర్న్‌షిప్‌లో కొన్ని వారాలు పనిచేస్తారు. అప్రెంటిస్‌షిప్‌లో ఒప్పందం, పారితోషికం, క్లాసు చదువు అన్నీ కలిసి ఉంటాయి. ఏ వయసుకు ఏది నప్పుతుందో టీచర్లు చర్చించుకుంటే సరిపోతుంది.

చట్టం దగ్గర మాత్రం తొందర పనికిరాదు. ఒక్కో దేశానిది ఒక్కో చట్టం. కానీ వాటన్నిటికీ అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1973లో చేసిన 138వ ఒప్పందం పనికి కనీస వయసును మామూలుగా 15 ఏళ్లుగా పెట్టింది. శిక్షణ కోర్సులో భాగంగా, తగిన షరతులతో, 14 నిండినవాళ్లు సంస్థల్లో పనిచేయడానికి వెసులుబాటు ఇచ్చింది. ప్రమాదకరమైన పనులకు 18 ఏళ్లు నిండాలన్నది అసలు నియమం. పిల్లల చేత చేయించే అతి హానికరమైన పనులను నిషేధిస్తూ 1999లో వచ్చిన 182వ ఒప్పందాన్ని 2020 నాటికి సభ్యదేశాలన్నీ ఆమోదించాయి. దాంతోపాటు వచ్చిన 190వ సిఫారసు ఏవేవి ప్రమాదమో చెబుతుంది: ప్రమాదకరమైన యంత్రాలు, ఎత్తులు, ఇరుకైన మూసివున్న చోట్లు, బరువులు మోయడం, హానికర రసాయనాలు, రాత్రి పని, మితిమీరిన పనిగంటలు. ఈ జాబితాను టీచర్ల చేతికిచ్చి, పక్కన తమ దేశం, తమ రాష్ట్రం చట్టం పెట్టి పోల్చి చూడమనండి. ఎక్కడ అనుమానం వస్తే ఎవరిని అడగాలో, ఆ ఆఫీసు పేరూ నంబరూ రాసుకున్నాకే లేవాలి.

తర్వాత నిజమైన పనిచోట ఒక చుట్టు తిప్పండి. బయటికి దారి ఎటు? మంటలార్పే సిలిండర్ ఎక్కడుంది, దాని గడువు తేదీ ఎంత? మెషీన్ బెల్టుకు గార్డు ఉందా? విద్యార్థి ఒక్క పెద్ద మనిషితో తలుపు మూసిన గదిలో ఒంటరిగా ఉండాల్సిన పరిస్థితి ఎక్కడైనా వస్తుందా? దెబ్బ తగిలితే బీమా ఎవరిది? వేధింపుల ఫిర్యాదు వస్తే చేయాల్సిందేమిటో కూడా ఇక్కడే చెప్పాలి. ముందు విద్యార్థిని అక్కడినుంచి తీసుకురావాలి. వెంటనే బడి అధికారికీ, చట్టం చెప్పిన చోటికీ తెలియజేయాలి. టీచర్ తానే విచారణ మొదలుపెట్టకూడదు, "సర్దుకుపో" అనే మాట నోట రాకూడదు.

నాలుగో మెట్టు: యజమానితో మాట్లాడటం ప్రాక్టీస్ చేయించండి

టీచర్లకు అన్నిటికంటే టెన్షన్ ఇక్కడే. రోల్ ప్లే పెట్టండి. యజమాని వేషం ఇంకో టీచర్‌కు ఇవ్వకుండా, వీలైతే నిజంగా వ్యాపారం చేసే మనిషినే పిలవండి. తోటి టీచర్ జాలిపడి ఒప్పుకుంటారు, వ్యాపారి ఒప్పుకోరు.

మామూలుగా టీచర్లు మొదలుపెట్టే తీరు ఇది: "సార్, మా పిల్లలిద్దరిని మీ దగ్గర పెట్టుకుంటారా? కోర్సులో ఉందండి." అటు నుంచి జవాబు రెడీగా ఉంటుంది: "మాకు మా పనికే టైమ్ లేదు మాస్టారూ. వాళ్లకు నేర్పేదెవరు?" మాట అక్కడితో తెగిపోతుంది.

దీన్ని తిప్పి చెప్పించండి. "సార్, మీ దగ్గర కొత్తగా చేరినవాళ్లకు పని పట్టుబడటానికి ఎన్నాళ్లు పడుతోంది? ఎక్కువగా ఎక్కడ తప్పులు చేస్తున్నారు?" అని అడగమనండి. ఏ యజమానికైనా దీని మీద చెప్పడానికి చాలా ఉంటుంది. టీచర్ మధ్యలో అడ్డం రాకుండా వినాలి, రాసుకోవాలి. నిజం చెప్పాలంటే టీచర్లకు ఇదే కష్టం, మాట్లాడటం మన వృత్తి కదా! ఆయన చెప్పినదాంట్లోంచే ఒక చిన్న పని పట్టుకుని, "ఆ బిల్లులు సరిచూసే పని మా అమ్మాయికి ఒక నెల నేర్పి చూడండి. ఇబ్బందైతే ఎప్పుడైనా నాకు ఫోన్ చేయండి, నేనొచ్చి చూసుకుంటాను" అనాలి. అడిగింది చిన్నదైతే ఒప్పుకోవడం తేలిక.

"ఉచితంగా పనిచేస్తారు సార్" అనే మాటను మాత్రం నిషేధించండి. అలా ఆశపెట్టి తెచ్చుకున్న చోట పిల్లల్ని కూలీలుగానే చూస్తారు. పారితోషికం విషయం చట్టం ఎలా చెబితే అలా, కాగితం మీద తేల్చుకోవాలి.

ఐదో మెట్టు: ట్రైనింగ్ ప్లాన్ రాయడం

కోఆర్డినేటర్ చేతిలో అసలు పనిముట్టు ఇదే. ట్రైనింగ్ రోజుల్లో ఎక్కువ భాగం దీనికే పోయినా నష్టం లేదు.

మొదటిసారి రాసిన ప్లాన్‌లో దాదాపు అందరూ "వాహన సర్వీసింగ్‌పై అవగాహన పొందుట" లాంటి వాక్యం రాస్తారు. సిలబస్ భాష చేతికి అలవాటైపోయింది. ఆ కాగితాన్ని మెకానిక్ చేతిలో పెడితే రేపు పొద్దున ఏం చేయించాలో ఆయనకు తెలియదు. అదే ఇలా రాస్తే? "ఇంజిన్ ఆయిల్ మార్చడం: ఆయిల్ మరీ వేడిగా లేదని చూసుకుని డ్రెయిన్ ప్లగ్ విప్పడం. పాత ఫిల్టర్ తీశాక దాని రబ్బరు రింగు ఇంజిన్‌కు అంటుకుని ఉండిపోలేదని వేలితో తడిమి చూడటం. కొత్త రింగుకు కాస్త ఆయిల్ రాసి ఫిల్టర్‌ను చేత్తో బిగించడం. డ్రెయిన్ ప్లగ్ మళ్లీ బిగించి, ఆయిల్ పోసి, ఇంజిన్ స్టార్ట్ చేసి లీకు చూడటం. ఆపి, కాసేపాగి డిప్‌స్టిక్‌తో మట్టం చూడటం." ఆ రబ్బరు రింగు సంగతి టీచర్‌కు పుస్తకంలోంచి రాలేదు. మెకానిక్ పక్కన నిలబడి, "కొత్తవాళ్లు దీంట్లో ఎక్కడ పొరపాటు చేస్తారు?" అని అడిగితే వచ్చింది. పాత రింగు మీద కొత్తది పడితే ఆయిల్ కారిపోతుంది. ప్లాన్‌లో ప్రతి పనికీ ఇలాంటి ఒక వివరం తెచ్చుకోమనండి. అది లేకపోతే టీచర్ ఆ పని చూడలేదన్నమాట.

ప్రతి పని పక్కనా నేర్పేది ఎవరో పేరు రాయాలి, "సంస్థ సిబ్బంది" అని రాస్తే ఎవరూ నేర్పరు. ఏ వారానికి అన్నది రాయాలి. చూశాడు, తోడుండగా చేశాడు, ఒక్కడే చేశాడు అనే మూడు గళ్లు పెట్టాలి. చివర్లో క్లాసులో దానికి జోడయ్యే పాఠం. విద్యార్థి, తల్లిదండ్రులు, సూపర్‌వైజర్, బడి నలుగురూ సంతకం పెట్టాలి. అంతకంటే ముందు సూపర్‌వైజర్ దాన్ని చదివి ఒక మాటైనా కొట్టేసి మార్చాలి. ఏమీ మార్చకుండా సంతకం పెట్టారంటే చదవలేదనే నేను అనుకుంటాను.

ఆరో మెట్టు: సైట్ విజిట్

కొత్త కోఆర్డినేటర్‌ను అనుభవమున్న వాళ్ల వెంట పంపండి. మొదట చూడాలి, తర్వాత తాను మాట్లాడుతుంటే వాళ్లు చూడాలి. "అబ్బాయి ఎలా చేస్తున్నాడు సార్?" అని అడిగితే "బాగానే చేస్తున్నాడు, బుద్ధిమంతుడు" అనే వస్తుంది. దానివల్ల తెలిసేది సున్నా. సర్వీస్ సెంటర్‌లో చేరి మూడు వారాలైనా ఒక అబ్బాయి బండ్లు కడుగుతూనే ఉన్నాడనుకోండి. సంభాషణ ఇలా నడవాలి:

"ఈ వారం వాడి చేత ఏం చేయించారు సార్?"

"వాషింగే మాస్టారూ."

"ప్లాన్‌లో ఈపాటికి ఆయిల్ మార్చడం మొదలవ్వాలి. అప్పగించడానికి ఏమైనా ఇబ్బంది ఉందా?"

"కస్టమర్ బండి కదండీ, పాడైతే పూచీ ఎవరిది?"

ఇప్పుడు అసలు కారణం బయటపడింది. ఆయన సోమరి కాదు, మోసగాడూ కాదు, భయపడుతున్నారు. అక్కడికక్కడే దారి వెతకవచ్చు: ఈ వారం మెకానిక్ పక్కన ఉండి పనిముట్లు అందించడం, ఖాళీ వేళల్లో పక్కన పడేసిన పాత ఇంజిన్ మీద విప్పి బిగించడం, వచ్చే వారం మెకానిక్ ఎదురుగా ఉండగా సంస్థ సొంత బండికి చేయడం. తేదీ వేసి ప్లాన్‌లో రాసుకుని, ఆ తేదీకి మళ్లీ వెళ్లాలి. వెళ్లకపోతే ఆ మాటకు విలువ ఉండదు.

విజిట్‌లో విద్యార్థితో విడిగా ఓ పది నిమిషాలు, ముగ్గురూ కలిసి కాసేపు మాట్లాడటం తప్పనిసరి. సూపర్‌వైజర్ ముందు పిల్లలు అన్నిటికీ "బాగుంది సార్" అనే అంటారు.

ఏడో మెట్టు: పనిని మళ్లీ క్లాసులోకి తేవడం

వారానికో పీరియడ్ దీనికి ఉంచాలి. లాగ్‌బుక్‌లో "ఈరోజు చాలా విషయాలు నేర్చుకున్నాను" అని రాస్తే టీచర్ ఒప్పుకోకూడదు. ఈ వారం ఏ పని అనుకున్నట్టు జరగలేదు, అప్పుడు ఎవరు ఏం చేశారు, నువ్వైతే ఏం చేసేవాడివి అని అడగాలి. ట్రైనింగ్‌లో టీచర్లు తమ పనిచోటు అనుభవం మీద ఇవే ప్రశ్నలకు జవాబు రాసి ఒకరిదొకరు దిద్దుకుంటే, పిల్లల లాగ్‌బుక్ దిద్దడం దానంతటదే వస్తుంది.

సర్టిఫికెట్ ఎప్పుడివ్వాలి?

హాజరు చూసి కాదు, చివరి రోజు పరీక్ష పెట్టీ కాదు. సూపర్‌వైజర్ దిద్దిన ఒక ప్లాన్, ఒక సైట్ విజిట్ రిపోర్టు, అనుభవజ్ఞులు పక్కనుండి గమనించిన ఒక సంభాషణ, ఈ మూడూ చూశాక ఇవ్వండి. మొదటి ఏడాది కొద్దిమంది విద్యార్థుల్నే అప్పగించండి. కొత్త కోఆర్డినేటర్లు నెలకోసారి కలిసి తమ చిక్కులు చెప్పుకునేలా చూడండి. పనికిరాని చోటును ఎలా మూసేయాలో కూడా ఆ మీటింగుల్లోనే నేర్పాలి: చెప్పిన మార్పు రెండోసారికీ జరగకపోతే, యజమానిని నిందించకుండా కారణం లెటర్‌లో రాసి, విద్యార్థికి వేరే చోటు చూశాకే అక్కడ మాన్పించాలి. భద్రత దెబ్బతిన్న చోట మాత్రం ఆ ఎదురుచూపు లేదు, అదే రోజు తీసుకొచ్చేయాలి.

ఇక రికార్డులు. సంస్థల వివరాలు, ఎవరితో ఏం మాట్లాడారో, ఏ సూపర్‌వైజర్ బాగా నేర్పుతారో, ఇవన్నీ కోఆర్డినేటర్ సొంత ఫోన్‌లో కాకుండా బడి రిజిస్టర్‌లో ఉండాలి. టీచర్‌కు బదిలీ అయితే తర్వాత వచ్చినవాళ్లు ఆ రిజిస్టర్ పట్టుకుని, పాతవాళ్లతో కలిసి ఒక్కో సంస్థకూ ఒకసారి వెళ్లి పరిచయం చేసుకోవాలి.