వేపరైజర్‌తో మొదటిసారి ఆవిరి పడుతున్నారా?

ముందు నీళ్లు, తర్వాతే ప్లగ్. ఈ వరుస మాత్రం తప్పొద్దు. లోపలున్న గీత దాటకుండా మామూలు కుళాయి నీళ్లు పోసి, మూత గట్టిగా బిగించి, కదలని బల్ల మీద పెట్టి అప్పుడు స్విచ్ వేయండి.

కొన్ని మోడళ్లలో కరెంటు నీళ్లలోంచే పారి వాటిని వేడి చేస్తుంది. వాటిలో ఆర్‌ఓ ఫిల్టర్ నీళ్లు పోస్తే ఎంతసేపటికీ ఆవిరి రాదు, మిషన్ పాడైందేమోనని టెన్షన్ పడతాం. నేనూ మొదటిసారి అలాగే కంగారుపడ్డాను! నీళ్లలో లవణాలు బాగా తక్కువగా ఉండటమే కారణం. ప్లగ్ తీసేసి చిటికెడు ఉప్పు కలిపితే చాలు, కాస్త ఎక్కువైనా నీళ్లు పొంగి వేడి చుక్కలు మొహం మీదికి చిమ్ముతాయి. అయితే మీ మిషన్‌తో వచ్చిన కాగితంలో ఉప్పు వేయమని ఉంటేనే వేయండి.

మొహం ఓ అడుగు దూరంలో, కళ్లు మూసుకుని, ఐదు నుంచి పది నిమిషాలు పడితే సరిపోతుంది. బామ్ నీళ్లలో కలపకండి. పిల్లలకు ఇది అస్సలు వద్దు, ఒలికితే ఒళ్లు కాలుతుంది, వాళ్లను దగ్గరికి కూడా రానివ్వకండి. అయ్యాక ప్లగ్ తీసి, పూర్తిగా చల్లారాకే మూత తెరిచి, మిగిలిన నీళ్లు పారబోసి ఆరబెట్టండి.