సెస్నాకి మిక్సీ స్విచ్చి

రాయగడలో మాది టీవీలు, మిక్సీలు బాగుచేసే కొట్టు. మా మేనల్లుడు కంప్యూటర్లో కీబోర్డుతో విమానం నడుపుతుంటాడు. "మావయ్యా, చేత్తో తిప్పేవి చేసిపెట్టవా" అని సెస్నా 172 అనే చిన్న విమానం డాష్‌బోర్డు ఫొటో చూపించాడు. చూస్తే అందులో సగం సామాను మా బల్ల మీదే ఉంది.

కొట్టుకి వెళ్లి "ఫ్లైట్ సిమ్యులేటర్‌కి స్విచ్చి కావాలి" అని మాత్రం అడగకండి. ఆ పేరు వింటేనే రేటు పెరుగుతుంది. మిక్సీ స్విచ్చి, కాలింగ్ బెల్ స్విచ్చి అనే అడగండి.

డబ్బు పెట్టాల్సింది ఈ స్విచ్చిలని కంప్యూటర్‌కి కలిపే బోర్డు ఒక్కదానికే. ఆర్డుయినో ప్రో మైక్రో తీసుకోండి. ఏటీమెగా 32యూ4 చిప్పు ఉన్నదై ఉండాలి, దాన్నయితే కంప్యూటర్ నేరుగా జాయ్‌స్టిక్‌గా గుర్తుపడుతుంది. చవగ్గా వస్తోందని ఊనో అనే బోర్డు కొంటే ఆ సుఖం ఉండదు. ప్రో మైక్రోకి 18 పిన్నులు, వాటిలో 9 అనలాగ్‌కి, అంటే స్లైడర్‌లా మెల్లగా మారేవాటికి కూడా పనికొస్తాయి. చిన్న విమానానికి ఇది చాలు. దాని యూఎస్‌బీ సాకెట్టు మాత్రం బలహీనం. మొదటిది లాగితే పట్టాతో సహా ఊడొచ్చింది. రెండోదానికి ముందే చుట్టూ జిగురు పోశాను.

ఇక ఇంజను తాళం. సెస్నాలో అది ఆఫ్, ఆర్, ఎల్, బోత్, స్టార్ట్ అని ఐదు చోట్ల ఆగుతుంది. మిక్సీ స్విచ్చిలో 0, 1, 2, 3, పక్కన స్ప్రింగుతో వెనక్కొచ్చే పల్స్. అచ్చం సరిపోయిందని సంబరపడ్డాను. మల్టీమీటర్ పెట్టి చూస్తే పల్స్‌లో ఉన్నా 3లో ఉన్నా కలిసేది ఒకే కాలు! మిక్సీకి అదే న్యాయం, రెండూ ఫుల్ స్పీడే కదా. అందుకని పల్స్ వదిలేసి, స్టార్ట్‌కి విడిగా ఒక బెల్ స్విచ్చి పెట్టాను.

మాస్టర్ స్విచ్చికి, అంటే విమానంలో కరెంటు వేసే జంట స్విచ్చికి, ఇంట్లో వాడే మాడ్యులర్ స్విచ్చిలు రెండు పక్కపక్కన బిగిస్తే చాలు. పాతవి వద్దు. 230 వోల్టుల దగ్గర నిప్పురవ్వలకి లోపలి కాంటాక్టు నల్లబడి ఉంటుంది. బల్బుకి అది పట్టదు గానీ, బోర్డు పంపే పిసరంత కరెంటు ఆ మసి దాటలేక తెగుతూ కలుస్తూ ఉంటుంది. మిక్సీ స్విచ్చీ కొత్తదే కొనండి. స్విచ్చి ఒక కాలు పిన్నుకి, రెండోది గ్రౌండుకి. ప్రోగ్రాములో పుల్-అప్ (చిప్పు లోపలే ఉండే రెసిస్టరు) ఆన్ చేస్తే వేరే రెసిస్టరు అక్కర్లేదు. వీటికి కరెంటు మెయిన్ ఎప్పుడూ తగలకూడదని వేరే చెప్పాలా!

ఇంజను పవర్ పెంచి తగ్గించే థ్రాటిల్ దగ్గర మాత్రం తొందరపడకండి. అది నెట్టి లాగే కడ్డీ కాబట్టి పాత సౌండ్ మిక్సర్‌లోని స్లైడర్ బాగా నప్పుతుంది. కానీ పాట వాల్యూముకి పెట్టినవి ఎక్కువగా లాగ్ రకం, సగం నెట్టినా సగం పవర్ రాదు. వాటి మీద సాధారణంగా 'ఏ' అని ఉంటుంది. మనకి కావాల్సింది బీ10కే, అంటే సమానంగా మారే 10 కిలో ఓమ్‌ల రకం. అక్షరాన్ని నమ్మి ఊరుకోకండి, మీటర్ పెట్టండి. పావు దూరం జరిపితే మొత్తం రెసిస్టెన్సులో పావు వంతు, సగం జరిపితే సగం చూపించాలి. అరిగిన స్లైడర్ అయితే గాల్లో ఉండగా పవర్ ఎగిరెగిరి పడుతుంది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టినా బాగవకపోతే పారేయండి.

విమానం ముక్కుని పైకీ కిందకీ సర్దే ట్రిమ్ చక్రం, ఎత్తు చూపే ఆల్టిమీటర్ నాబ్ ఎంత తిప్పినా ఆగకూడదు. వాల్యూమ్ కంట్రోల్ ఒక చుట్టు లోపే ఆగిపోతుంది కాబట్టి పనికిరాదు. పాడైన హోమ్ థియేటర్లలో ఆగకుండా టకటకమని తిరిగే నాబ్ ఉంటుంది చూడండి, దాని కింద ఉండేది ఎన్‌కోడర్, ఎటు ఎంత తిప్పామో చెప్పేది. మూడు కాళ్లు ఒకే వరసలో ఉంటే సాధారణంగా మధ్యది గ్రౌండుకి, మిగతావి రెండు పిన్నులకి. దొరక్కపోతే ఆన్‌లైన్లో ఈసీ11 అని వెతకండి. నేను విశాఖ రైలెక్కి వెళ్లి నాలుగు కొన్నాను. తిరిగొస్తూ బొబ్బిలి, పార్వతీపురం దాటేదాకా వాటిని జేబులో తిప్పుతూనే ఉన్నాను.

అన్నీ కలిపాక కంప్యూటర్‌కి బోర్డు కనబడకపోతే కంగారు పడి సోల్డరింగ్ పీకేయకండి. నేను పీకాను. రెండు రాత్రులు పోయాక తెలిసింది, నా చేతిలో ఉన్నది ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్ అని.