క్యాన్సర్ పరిశోధన వార్త చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: ఎంజైమ్ దొరికింది, మరి మందు?

ఎంజైమ్ అంటే కణంలో రసాయన పనులు జరిపించే ప్రొటీన్. దాని గురించి పోయిన పాఠం చివర ఒక ప్రశ్న ఇచ్చాను. "ఫలానా ఎంజైమ్ క్యాన్సర్ కణాల్లో ఎక్కువగా ఉంది" అని వార్తలో చదివితే మీరు ముందుగా ఏం అడగాలి?

జవాబు: అది దొంగా, లేక దొంగతనం జరిగిన చోట కనబడ్డ మనిషా? ఎక్కువగా ఉన్నంత మాత్రాన జబ్బుకు కారణం అదే అనలేం. తేలాలంటే ఆ ఎంజైమ్‌ను ఆపి చూడాలి. ఆపితే క్యాన్సర్ కణం చావాలి, లేదా పెరగడం మానాలి. మంచి కణం మాత్రం బతకాలి. చాలా వార్తల్లో ఈ రెండో సంగతి ఉండదు, కానీ మందు నిలిచేదీ పోయేదీ ఎక్కువగా అక్కడే.

క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్ కథ చూద్దాం. 1960లో ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ ఈ రోగుల కణాల్లో ఉండాల్సినదానికంటే పొట్టిగా ఉన్న ఒక క్రోమోజోమ్‌ను గమనించారు. 9, 22 క్రోమోజోమ్‌ల ముక్కలు తారుమారయ్యాయని 1973లో జానెట్ రౌలీ తేల్చారు. ఆ అతుకు దగ్గర రెండు జన్యువులు కలిసిపోయి బీసీఆర్-ఏబీఎల్ అనే ఎంజైమ్ పుడుతుంది. ఇది కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు నుంచి ఫాస్ఫేట్ అనే ముక్కను తీసి వేరే ప్రొటీన్లకు తగిలిస్తుంది. దాంతో కణానికి "విభజన చెందు" అని కబురు వెళ్తూనే ఉంటుంది. మామూలు ఏబీఎల్‌కు అదుపు ఉంటుంది, దీనికి ఉండదు. 1990లో ఈ జన్యువును ఎలుకల మజ్జ కణాల్లో పెడితే వాటికీ అలాంటి జబ్బే వచ్చింది. దొంగ ఎవరో తేలిపోయింది.

ఇక మందు సంగతి. ఎంజైమ్‌లో ఏటీపీ కూర్చునే చిన్న గుంట ఒకటి ఉంది. ఇమాటినిబ్ అనే మందు అందులో దూరి కూర్చుంటుంది, ఏటీపీకి చోటుండదు. తొలి ట్రయల్‌లో, అంతకుముందు ఇంటర్‌ఫెరాన్ అనే పాత మందు పనిచేయని రోగుల్లో, 300 మిల్లీగ్రాములు లేదా అంతకంటే ఎక్కువ తీసుకున్న 54 మందిలో 53 మందికి రక్తకణాల లెక్క మామూలు స్థితికి వచ్చింది. ఈ అంకె ఎన్నిసార్లు చదివినా నాకు ఒళ్లు పులకరిస్తుంది. 2001 మేలో అమెరికాలో అనుమతి వచ్చింది. పొట్టి క్రోమోజోమ్ కనబడ్డ నాటి నుంచి 41 ఏళ్లు!

అయితే ప్రతి క్యాన్సర్‌లోనూ ఇలా జరుగుతుందని అనుకోకండి. ఇక్కడ జబ్బును నడిపేది ప్రధానంగా ఒక్క ఎంజైమే. చాలా క్యాన్సర్లలో ఒక దారి మూస్తే కణం ఇంకో దారి వెతుక్కుంటుంది. ఇక్కడ కూడా ఎంజైమ్‌లో 315వ స్థానంలో థ్రియోనిన్ అనే అమైనో ఆమ్లం పోయి ఐసోల్యూసిన్ అనే మరొకటి వస్తే ఇమాటినిబ్‌కు పట్టు దొరకదు. ఆ మార్పు ఉన్నా పనిచేసే పొనాటినిబ్ అనే మందుకు 2012లో అమెరికాలో అనుమతి వచ్చింది.

ఈ వారం అభ్యాసం: ఎంజైమ్ గురించిన ఒక వార్త తీసుకుని పెన్సిల్‌తో గీతలు గీయండి. ఎంజైమ్‌ను ఆపి చూశారా? చూస్తే గాజు పాత్రలోనా, ఎలుకల్లోనా, మనుషుల్లోనా? మంచి కణాలు ఏమయ్యాయి? జవాబు దొరకని ప్రశ్న పక్కన "లేదు" అని రాసి దాచుకోండి. ట్రయల్ దశల గురించి చెప్పుకునే 5వ పాఠంలో ఆ కాగితంతోనే మొదలుపెడదాం.